తాగలేదన్న ఒప్పుకోలు

పోయెనిత్స ఊళ్లో సారాకొట్టు మూతపడిన మూడో నెలలో అదే గదిలో కొత్త సంఘం మొదలైంది. కొట్టు యజమానురాలు మోకాళ్లు పట్టేసి మంచం దిగలేక గదిని అద్దెకిస్తానంటే, దమారిస్ వాళ్ల నాన్న ఇమానుయేల్ తీసుకున్నాడు. ఆయన పాస్టరు. సంఘం లేని ఊళ్లో సంఘం పెట్టడం, ఉన్న సంఘం కునుకు తీస్తుంటే తట్టి లేపడం ఆయన పని. పట్నం సంఘం ఎటు పొమ్మంటే అటు వెళ్తాడు. వెనకాలే అమ్మ, దమారిస్, కుట్టుమిషను.

ఐదేళ్లలో ఇది నాలుగో ఊరు. ఏ ఊళ్లోనైనా సరే, ఏ కుక్క కరుస్తుందో, ఏ కుక్క ఉత్తినే మొరుగుతుందో దమారిస్‌కి తెలిసేసరికి సామాను సర్దే రోజు వచ్చేది. పదిహేనేళ్ల పిల్లకి నలుగురిలో నోరు పెగలదు. కొత్త బడిలో మొదటి వారమంతా నేల చూపులే. ఇక్కడ మాత్రం రోడికా అనే అమ్మాయి ఏమీ అడక్కుండా తన సంచీ పక్కకు జరిపి చోటిచ్చింది. రేగుపండు జామ్ రాసిన రొట్టెలో సగం తుంచి పెట్టింది. ఆ రోజు నుంచీ దమారిస్ ప్రార్థనలో ఒక్కటే కోరిక. ఈ ఊరు వదలకూడదు.

ఆ ఊళ్లో ఆదివారం పదింటికి ఆడవాళ్లు పాత చర్చికి వెళ్తారు, మగవాళ్లు సారాకొట్టుకి వెళ్తారు. తాతల నాటి పద్ధతి. కొట్టు మూతపడిన సంగతి వాళ్ల బుర్రలకి తెలుసు గానీ కాళ్లకి తెలియలేదు. మొదటి ఆదివారం పొగగొట్టంలోంచి పొగ కనబడగానే ఎనిమిది మంది లోపలికొచ్చి, టోపీలు తీసి, ఎవరి పాత చోట్లో వాళ్లు కూర్చున్నారు. ఇమానుయేల్‌కి కళ్లు చెమర్చాయి. రెండో కీర్తనలో ఒకాయన దమారిస్ వాళ్లమ్మ వైపు తిరిగి రెండు వేళ్లు చూపించాడు.

"ముందు పాట పాడించి తర్వాత పోస్తారేమో అనుకున్నాం" అని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు.

అమ్మ పుదీనా టీ పోసింది. ఆముదం తాగినట్టు మొహాలు పెట్టి తాగారు. మళ్లీ రారనుకుంటే, మరుసటి ఆదివారమూ వచ్చారు. కొందరు వెచ్చటి పొయ్యి కోసం, కొందరు అమ్మ చేసే అక్రోటు రొట్టె కోసం. రోడికా వాళ్ల నాన్న ట్రయాన్ మాత్రం పాట కోసం వచ్చేవాడు. రంపపు మిల్లులో పని చేసే ఆయన గొంతెత్తితే కిటికీ అద్దాలు గిలగిల్లాడతాయి. సారాకొట్టులో పాడితే ఎవరో ఒకరు టోపీ విసిరేవారట. ఇక్కడ పాస్టరు "ఇంకా గట్టిగా" అంటున్నాడు.

కుడివైపు బల్లలు మగవాళ్లవి, ఎడమవైపువి ఆడవాళ్లవి. కుడివైపు నిండిపోయేది. ఎడమవైపు అమ్మా, దమారిసూ, బోలెడంత గాలీ.

ఈస్టరుకి ముందు పట్నం నుంచి సంఘ పెద్ద ఫిలిమోన్ ఫోన్ చేశాడు. ఆయన మాట వంటింట్లోకి కూడా వినిపించింది.

"మగాళ్లొస్తే అది గుంపయ్యా ఇమానుయేలూ. ఇల్లాళ్లు కూడా వస్తే అప్పుడది సంఘం. పండగ తర్వాతి ఆదివారం వస్తున్నా. ఎడమ బల్ల ఖాళీగా ఉంటే ఈ ఊరు వదిలేద్దాం. వేరే చోటు చూసే ఉంచాను."

దమారిస్‌కి చేతిలో చెంచా బరువెక్కింది.

ఫోను వచ్చిన వారమే, ఆదివారం ఆరాధన అయ్యాక దమారిస్ కట్టెలు తేవడానికి గది వెనక్కి వెళ్తే, అక్కడ ట్రయాన్ కనిపించాడు. చిన్న సీసాలోంచి సారా నోట్లో పోసుకుని, ఆకాశం వైపు చూస్తూ గరగరలాడించి, గడ్డిలో ఉమ్మేశాడు. తర్వాత రెండు చుక్కలు కాలరుకి రాసుకున్నాడు, అత్తరు రాసుకున్నంత శ్రద్ధగా.

"చూశావా?" అన్నాడు.

దమారిస్ తలూపింది.

"ఉమ్మేశాను. అదీ చూశావా?"

మళ్లీ తలూపింది.

"హమ్మయ్య. ఇంటికెళ్తే వాసన రావాలి గదమ్మా. పక్కూరి కొట్టుకెళ్తున్నానని చెప్పుకుంటున్నా. మేం ఎనిమిదిమందిమీ అంతే."

"ఎందుకు?" అన్న మాట ఎలాగో బయటికొచ్చింది.

"తాగొచ్చానంటే మా ఫ్లోయరా తిడుతుంది, తిండి పెడుతుంది. మీ మారుమనసోళ్ల దగ్గరికెళ్లానంటే తిట్టడం వాళ్లమ్మతో మొదలెట్టి ఊరంతా పూర్తి చేస్తారు. తిండి అనుమానమే. తాగుబోతుగా ఎలా బతకాలో నాకు తెలుసు తల్లీ. రెండోది కొత్త. ఎవరికీ చెప్పకు. తెలిస్తే ఒక్కడు కూడా ఇటు రాడు."

సోమవారం బడిలో రోడికా కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఈస్టరు ఉపవాసాల్లో కూడా తాగొచ్చాడు మా నాన్న" అంది. "అమ్మ మాట్లాడటం మానేసింది. ఈ వేసవికి నేను మా మేనత్త వాళ్ల ఊరికి వెళ్లిపోతా. అక్కడే చదువుకుంటా."

దమారిస్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. చెప్తే కుడి బల్లా ఖాళీ అవుతుంది, తామే సామాను సర్దుకోవాలి. చెప్పకపోతే రోడికా సర్దుకుంటుంది. పండగా గడిచింది. గురువారం బడి నుంచి నడిచి వస్తుంటే ఇంక ఓర్చుకోలేకపోయింది.

"మీ నాన్న తాగట్లేదు. మా దగ్గర పాటలు పాడుతున్నాడు."

గరగరలాడించడం, ఉమ్మడం, కాలరు, మిగతా ఏడుగురి సంగతీ, అన్నీ చెప్పేసింది. పుట్టి బుద్ధెరిగాక అంతసేపు మాట్లాడటం అదే మొదలు. రోడికా నవ్వీ నవ్వీ రోడ్డు పక్కన కూలబడింది. తర్వాత మొహం ముడుచుకుంది.

"అమ్మకి చెప్తా."

"చెప్పకు."

"చెప్తా. ఆవిడ ఎంత ఏడ్చిందో నీకేం తెలుసు."

దమారిస్ ఇంటికొచ్చి, ఎవరూ చెప్పకుండానే చలికోట్లు మడతపెట్టడం మొదలుపెట్టింది. అమ్మ వింతగా చూసింది.

ఆదివారం ఫిలిమోన్ వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నాడు. ఎనిమిదిమందీ వచ్చారు. ఎడమ బల్ల మీద ఎప్పటి ఇద్దరే. ఆ ఖాళీ చోటు వైపు చూసి ఫిలిమోన్ నెమ్మదిగా నిట్టూర్చాడు.

రెండో కీర్తనలో ట్రయాన్ గొంతు మంచి ఊపు మీద ఉండగా తలుపు తెరుచుకుంది. నల్లటి తలగుడ్డ కట్టుకుని ఫ్లోయరా, ఆవిడ వెనక రోడికా, ఆ వెనక మరో ఏడుగురు ఇల్లాళ్లు. కుళాయి కట్టేసినట్టు ట్రయాన్ పాట ఆగిపోయింది.

"ఆపావేం? పాడు" అంది ఫ్లోయరా. దగ్గరికొచ్చి మొగుడి నోటి దగ్గర వాసన చూసింది. వెనక్కి తిరిగి మిగతా ఆడవాళ్లతో అంది: "పుదీనా."

వాళ్లంతా తలో మొగుడి వైపు కదిలారు.

"నోరు లేని పిల్లనుకున్నా" అన్నాడు ట్రయాన్, దమారిస్‌ని చూస్తూ. ఆ పిల్ల చెవుల దాకా ఎర్రబడింది. బల్ల కిందికి దూరిపోదామనిపించింది గానీ, రోడికా వచ్చి పక్కన కూర్చుని కొంగు పట్టుకున్నట్టు స్వెట్టరు చెయ్యి పట్టుకుంది.

"తాగుబోతు మొగుడంటే ఊరంతా నా మీద జాలిపడింది" అంది ఫ్లోయరా. "పిండీ గుడ్లూ తెచ్చి ఇచ్చారు. ఇప్పుడేమని చెప్పను? తిరిగిచ్చెయ్యనా?"

వెనక బల్ల మీంచి ఫిలిమోన్ లేచాడు. ఇంక అయిపోయిందనుకుంది దమారిస్.

"అబద్ధమాడటం పాపం" అన్నాడు ఆయన. "ఒప్పుకోవాలి. ఒక్కొక్కరూ లేచి, మీ ఇల్లాళ్ల ముందు చెప్పండి."

ట్రయాన్ టోపీ నలుపుతూ లేచాడు. "నేను... ఆ ఆదివారాలు... తాగలేదు."

"ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా. క్షమించు."

రెండో ఆయన కూడా తాగలేదు. మూడో ఆయనా తాగలేదు. నాలుగో ఆయన లేచి "నేను ఒక్క ఆదివారం నిజంగానే తాగాను" అంటే, అదొక్కటే ఆయన భార్య వెంటనే నమ్మింది. గోడవైపు తిరిగి ఇమానుయేల్ భుజాలు అదిరేలా నవ్వుతున్నాడు. ఫిలిమోన్ మాత్రం నవ్వలేదు. మీసం కొద్దిగా కదిలింది, అంతే.

"సహోదరీ, మీరు కూర్చుంటారా, వెళ్తారా?" అని ఫ్లోయరాని అడిగాడు.

"కూర్చుంటా. మారుమనసూ గీరుమనసూ ఏం లేదు. కాపలాకి." ఎడమ బల్ల మీద కూర్చుని, మొగుడి వైపు వేలు చూపించింది. "ఈయన ఇక్కడ పాడితేనే ఇంట్లో తిండి."

మిగతా ఆడవాళ్లూ సర్దుకుని కూర్చున్నారు. బల్ల కిర్రుమంది. ట్రయాన్ మొదట సన్నగా, తర్వాత తన మామూలు గొంతుతో అందుకున్నాడు. మూడో చరణానికి ఫ్లోయరా కాలు తాళం వేస్తోంది. ఆ సంగతి ఆవిడకి తెలిసినట్టు లేదు.

టీ తాగేటప్పుడు ఆవిడ దమారిస్ వాళ్లమ్మని నిలదీసింది.

"మీ పెరడు బీడుగా ఉందేం? ఇంకా ఆలుగడ్డలు వెయ్యలేదా?"

అమ్మ ఫిలిమోన్ వైపు చూసింది. "తవ్వుకునేదాకా ఉంటామో లేదో తెలియక..."

ఫిలిమోన్ కోటు బొత్తాలు పెట్టుకుంటున్నాడు. ఆయన ఎడమ బల్లనీ, దాని మీద ఇంకా లేవని ఆడవాళ్లనీ చూశాడు.

"వెయ్యండి" అన్నాడు. "వెయ్యడం ఆలస్యమైతే గడ్డ ఊరదు."

మర్నాడు బడి వదిలేసరికి ఫ్లోయరా బస్తాతో పెరట్లోనే ఉంది. ఇమానుయేల్ పలుగు పట్టుకున్న తీరు చూసి ఆవిడకి కడుపు మండింది.

"పాస్టరు గారూ, అది బైబిలు కాదు, రెండు చేతుల్లో పెట్టుకుని చదవడానికి. గుచ్చండి."

దమారిస్ చెప్పులు విప్పేసి, రోడికాతో పాటు సాలులోకి దిగింది.