ఉడుముతోలు గుమ్మెటలు

నర్సీపట్నంలో కుండలు చేసేవాళ్ళు చాలామంది ఉన్నా, గుమ్మెటలు చేసేది గంగులు ఒక్కడే. బుర్రకథలో వంతపాడేవాళ్ళు భుజానికి తగిలించుకుని వాయించే ఆ మట్టి వాద్యం కోసం యలమంచిలి నుంచీ, తుని నుంచీ కూడా దళాలవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవారు. సారె మీద తీసి, నీడన ఆరబెట్టి, ఆవంలో కాల్చాక మూతికి ఉడుముతోలు బిగించేవాడు. మేకతోలు వేస్తే మట్టి మూగబోతుందని తండ్రి చెప్పిన మాట అతనికి వేదం.

ఆ తోళ్ళు తెచ్చేది జోగులు. చింతపల్లి అవతలి కొండల మనిషి. అడ్డాకులు, చింతపండు సంతకు దింపినప్పుడల్లా మూట అడుగున తోళ్ళు పెట్టుకొచ్చేవాడు. కుర్రతనంలోనే ఇద్దరూ నేస్తం కట్టుకున్నారు. ఉడుమును చంపడం నేరమని ఇద్దరికీ తెలుసు. తెలిసీ ఆ మాట ఎత్తేవారు కాదు.

తొంభై ఆరులో, ఈస్టరు ముందు, రోలుగుంట నుంచి క్రీస్తురాజు వచ్చాడు. చర్చిల్లో బైబిలు కథలు బుర్రకథగా చెప్పే దళం ఆయనది. కొత్త జత కావాలన్నాడు.

"తోలు దొరకడం కట్టంగా ఉందండి," అన్నాడు గంగులు.

"మీ నేస్తానికి ఓ మాట సెప్పి సూడు. ఉడుముతోలే కావాల మాకు."

గంగులు కబురు పంపాడు. జోగులు రాలేదు. అతని భార్య కొండలమ్మ వచ్చింది. అప్పుడే ఆవం ముట్టించి పొగ చూస్తున్నాడు గంగులు.

"అన్నయ్యా, మీ నేస్తాన్ని చెక్‌పోస్టు కాడ ఫారెస్టోళ్ళు అట్టుకుపోనారు," అందామె. "మూటిప్పి సూసినారట. ఎవరికోసరమని ఎంత అడిగినా పేరు సెప్పనేదట."

గంగులు భార్య బుల్లమ్మ అతన్ని లోపలికి పిలిచింది. "ఆ మనిసే సెప్పనప్పుడు నువ్వెల్లి సేసేదేటి? నువ్వెల్తే ఆయన్ని వొగ్గేత్తారా?"

గంగులు మళ్ళీ బయటికి వచ్చాడు. రోజంతా ఆవం దగ్గరే కూర్చున్నాడు. బుల్లమ్మ పెట్టిన అన్నం కొండలమ్మ ముట్టలేదు. అటు చూడలేక అతను మంటలోకి కట్టెలు తోస్తూ ఉండిపోయాడు. తన పేరు నోటిలోనే బిగబట్టి, ఆఫీసరు ముందు తలవంచుకుని నిలబడిన నేస్తం కళ్ళలో మెదులుతూనే ఉన్నాడు.

తెల్లారి స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని ఫారెస్టు ఆఫీసుకు వెళ్ళాడు.

"ఆ తోళ్ళు నానే తెమ్మన్నానండి. గుమ్మెటలకి."

ఆఫీసరు తలెత్తి చూశాడు. "ఏం చెబుతున్నావో తెలుసా?"

"తెలుసండి."

బుల్లమ్మ అన్నదే నిజమైంది. జోగులును వదల్లేదు. ఇద్దరినీ సబ్‌జైలుకు పంపారు. అక్కడ జోగులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. అటు తిరిగే అడిగాడు.

"ఏల వొచ్చేసినావు నేస్తం? నానొక్కడ్నే అయితే మా ఆడది దుంపలు తవ్వుకునైనా బతికేది. ఇప్పుడు రెండిళ్ళు పాడైపోనాయి."

"నా పేరు కడుపులో ఎట్టుకుని నువ్విక్కడ కూకుంటే, అక్కడ నాను సారె తిప్పగలనా?"

జోగులు కోపం చల్లారలేదు. కానీ కాసేపటికి సగం కాల్చిన బీడీ వెనక్కి చూడకుండానే అందించాడు.

బయట కొండలమ్మ కొండకు తిరిగి వెళ్ళలేదు. బుల్లమ్మ ఇంటి అరుగు మీదే ఉండిపోయింది. మొదట్లో ఇద్దరికీ మాటల్లేవు. నీ మొగుడి వల్లేనని కొండలమ్మ, నీ మొగుడి కోసమేనని బుల్లమ్మ. ఆవం చల్లారాక విప్పక తప్పలేదు. ఎర్రగా కాలిన గుమ్మెటలు బుల్లమ్మ ఒక్కొక్కటే అందిస్తుంటే కొండలమ్మ బూడిద తుడిచి పక్కన పెట్టింది. "మేకతోలైనా ఎయ్యాల వదినా," అంది బుల్లమ్మ. సంతలో కొన్న తోలు నానబెట్టి, ఒకరు లాగి పట్టుకుంటే ఒకరు తాడు బిగించారు.

సంగతి తెలిసి క్రీస్తురాజు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "నాను అడగబట్టేగదమ్మా ఇదంతా."

బుల్లమ్మ మేకతోలు గుమ్మెటలు తెచ్చి ముందు పెట్టింది. "ఇయ్యే ఉన్నాయండి. కావాలంటే అట్టుకెల్లండి."

ఆయన ఒక గుమ్మెట చంకన పెట్టుకుని తట్టాడు. ఉడుముతోలు మోత కాదది. నూతి లోపలి నుంచి ఎవరో పలికినట్టు మందంగా వచ్చింది. రెండూ తీసుకున్నాడు. ఆ వారంలోనే తన పొలం కాగితాలు పెట్టి ఇద్దరికీ జామీనుగా నిలబడ్డాడు.

కేసు ఏళ్ళ తరబడి సాగింది. వాయిదా ఉన్నప్పుడల్లా జోగులు ముందు రోజే దిగి గంగులు ఇంట పడుకునేవాడు. పొద్దున్నే ఇద్దరూ చద్దన్నం తిని కోర్టుకు నడిచేవారు. గంగులు ఉడుముతోలు మళ్ళీ ముట్టలేదు. ఆ మోత కోసం వచ్చే దళాలు తగ్గాయి. టీవీలొచ్చాక బుర్రకథలే తగ్గాయి.

రెండువేల ఒకటి వానల్లో కొండల్లో జ్వరాలు వచ్చాయి. మలేరియాతో జోగులు పోయాడు. కబురంది గంగులు ఒక గుమ్మెట తీసుకుని చేరేసరికి మట్టి చేసేశారు. అతని చేతిలో గుమ్మెట చూసి కొండలమ్మ, "వాయించన్నయ్యా," అంది. వానకు తోలు వదులైపోయింది. ఎవరో నిప్పు రాజేస్తే సెగ చూపించాడు. ఇన్నేళ్ళుగా చేయడమేగాని నలుగురిలో వాయించి ఎరగడు. తాళం తెలియదు. గుండె ఎలా కొట్టుకుంటే అలా కొట్టాడు. ఎవరూ ఆపమనలేదు.

తర్వాతి వాయిదాకు బంట్రోతు ఇద్దరి పేర్లూ పిలిచాడు. గంగులు చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు.

"నానున్నానండి," అన్నాడు. రెండో పేరుకూ అతనే పలికాడు. "ఆయన నేడండి. పోనాడు."

జడ్జిగారు ఏదో రాసుకుని మరో తేదీ వేశారు. జోగులు లాగే ముందు రోజే కొండ దిగిన కొండలమ్మ బయట మెట్ల మీద కూర్చుని ఉంది. "ఏటన్నారు?" అని అడిగింది. గంగులు తేదీ చెప్పాడు. ఇద్దరూ లేచి బస్టాండు వైపు నడిచారు.