నొరీన్ వేయని ఓటు

ఓటర్ల జాబితాలో తన పేరు లేదని నొరీన్‌కి తెలిసేసరికి సాయంత్రం ఐదున్నర. బడి బయట వాన, చేతిలో నీళ్ళు కారే గొడుగు, వెనక పదిమంది వరస.

ఎన్నికల అధికారిగా కూర్చున్న గిల్‌మార్టిన్ మాస్టారు కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ వేలు పెట్టి చూశాడు. "మీ ఇంటి కింద మూడు పేర్లున్నాయమ్మా. మీ ఆయన మాటీ. మీ అత్తగారు. మీ మరిది డోనల్."

"డోనల్ ఇంగ్లండులో ఉంటాడు మాస్టారూ. పన్నెండేళ్ళయింది."

"ఇందులో మాత్రం ఉన్నాడు. నువ్వే లేవు. నువ్వెవరో నాకు తెలీకా? పొద్దున్నే ఊడ్చి ఈ బల్లలు వేసిందే నువ్వు. కానీ జాబితాలో లేని మనిషికి ఓటు కాగితం ఇవ్వలేను."

"పోనీలే నొరీన్, ఎలాగూ వచ్చావు, మాకు టీ పెట్టి వెళ్ళు," అన్నారెవరో వెనకనుంచి. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అలవాటు.

ఓటరు కార్డు రాలేదని పోయిన వారమే చెప్పింది. "పోస్టువాడు పారేసుకుని ఉంటాడు. కార్డు లేకపోయినా వేయనిస్తార్లే," అన్నాడు మాటీ.

బడి వరండా గోడకి ఐర్లండు అధ్యక్షులు ఆరుగురూ పటాల్లో వరసగా ఉన్నారు. ప్రతి శుక్రవారం ఆ అద్దాలు తుడిచేది నొరీనే. మొదటాయన గుబురు మీసాల ప్రొఫెసరు, పోటీ లేకుండా వచ్చాడు. మూడో ఆయన డెవలెరా. చూపు దాదాపు పోయినా తొంభై ఏళ్ళదాకా దిగలేదు. నాలుగో ఆయన ఏడాదిన్నరకే పోయాడు. ఐదో ఆయన్ని ఒక మంత్రి నోటికొచ్చినట్టు అంటే, పదవి మర్యాద నిలబెట్టడానికి రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. ఆ బొమ్మ తుడిచినప్పుడల్లా ఆమెకి అసూయ. ఒక్క మాటంటే చాలు, కోటు వేసుకుని వెళ్ళిపోవచ్చన్నమాట. డెబ్భైమూడులో అధ్యక్ష పదవికి పోటీ జరిగినప్పుడు ఓటుకి ఇరవై ఒకటి నిండాలి, ఆమెకి ఇరవై. ఆ వసంతంలోనే పెళ్ళి. పెళ్ళయిన ఆడది ప్రభుత్వోద్యోగం చేయకూడదన్న రూలు కింద పోస్టాఫీసు కౌంటరు వదిలేసింది. వేసవిలో ఆ రూలే ఎత్తేశారు. "మంచిదే అయింది, లేకపోతే అమ్మనెవరు చూస్తారు?" అన్నాడు మాటీ. ఆ తర్వాత పదిహేడేళ్ళు పార్టీలవాళ్ళే మాట్లాడుకుని మనిషిని కూర్చోబెట్టారు; ఓటు అడిగినవాడు లేడు. ఇన్నాళ్ళకి ముగ్గురు నిలబడ్డారు, అందులో ఒకరు ఆడమనిషి. ఆ పేరు పక్కన తన మొదటి ఓటుగా ఒకటి అంకె వేయాలని నొరీన్ మే నెల నుంచి కాచుకుని ఉంది. ఎవరికీ చెప్పలేదు.

ఇంటికొచ్చి, కోటు విప్పకుండానే బంగాళాదుంపలు పొయ్యి మీంచి దింపింది. తల్లీ కొడుకులిద్దరూ అప్పటికే బల్ల ముందున్నారు.

"జాబితాలో నా పేరు లేదు."

"ఆ కౌన్సిలాఫీసువాళ్ళకి వాళ్ళ పేర్లే గుర్తుండవు," అన్నాడు మాటీ. "ఆ ఆవముద్ద ఇలా అందించు."

"నీ ఒక్క ఓటు తగ్గితే దేశం మునగదులే పిల్లా," అంది అత్తగారు. "డెవలెరా మహానుభావుడు ఉన్న ఇంట్లోకి ఆడదాన్ని పంపిస్తారట. కర్టెన్లు ఉతకడానికా?"

నొరీన్ ఆవముద్ద అందించలేదు. "డోనల్ పేరుంది మాటీ. కౌన్సిలువాళ్ళకి డోనల్ ఎలా తెలుసు? నిరుడు చలికాలం ముందు ఇంటి పెద్ద నింపాలని ఫారం వచ్చింది. డోనల్ సెలవు మీద వచ్చి వారం రోజులున్నప్పుడే. పెన్ను కనబడలేదంటే నేనే వెతికి ఇచ్చాను."

మాటీ ఫోర్కు ఆగింది. తల్లివైపు చూశాడు. ఆవిడ క్యాబేజీవైపు చూసింది.

"కావాలనే చేశావా?"

అవునంటాడని వానలో దారంతా ఆశపడింది నొరీన్. అవునంటే, తన ఓటుకి కనీసం ఒక్క మనిషన్నా భయపడ్డట్టు. కానీ మాటీ మొహంలో నిజంగానే నొచ్చుకున్న మనిషి కనిపించాడు.

"కావాలని ఎందుకు చేస్తాను నొరీన్? ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళ పేర్లు రాయమన్నారు. అన్నం తింటూ, బల్ల చుట్టూ ఎవరెవరున్నారో చూసి రాశాను. అమ్మ, నేను, డోనల్. నువ్వు వడ్డిస్తున్నావు."