నల్లగా మిగిలిన పలక

మా స్టేషన్ చరిత్ర రాయమని నాకు పురమాయించారు. కప్పు బాగుచేసి పెద్ద హాలు మళ్ళీ తెరిచే రోజుకి పుస్తకం అచ్చయి రావాలని మా ఆఫీసరు ఒంటికాలి మీద నిలబడ్డాడు. నేను రికార్డుల గదిలో గుమస్తాని. పదిహేడేళ్ళుగా పాత కాగితాలతోనే నా కాపురం. రైళ్ళన్నీ వచ్చి మా దగ్గరే ఆగిపోతాయి, ఇక్కణ్ణించి ముందుకి పట్టాల్లేవు. అలాంటి చోటికి చరిత్రకేం కొదవ? మొదటి ఇంజను ఏ పూట వచ్చిందో, నేల మీద పరిచిన రాయి ఎక్కణ్ణించి తెచ్చారో, అన్నీ దొరికాయి. మనుషులే దొరకలేదు.

యుద్ధం నాటి కట్టలో ఒక కాగితం ఉంది. పైన తిరిగే విమానాలకి వెలుతురు కనపడకూడదని, కప్పుకి ఉన్న అద్దాలన్నిటికీ లోపలివైపు నల్లరంగు పూశారట. నాలుగేళ్ళు పట్టపగలు కూడా దీపాల వెలుతురులోనే రైళ్ళు నడిపారు. యుద్ధం అయిపోయాక ఆ రంగు గీకించారు. దాని గురించి ఒకే ఒక్క ముక్క: "ఆడకూలీలు ఇరవై ఇద్దరు, పదకొండు వారాలు, పని పూర్తి."

ఆ సాయంత్రం ఇంట్లో ఈ మాట చదివి వినిపించాను. మా చిన్నమ్మమ్మ, అంటే మా అమ్మమ్మ చెల్లెలు, మాతోనే ఉంటుంది. ఎనభై నాలుగేళ్ళు. దిండుకి గలీబు తొడుగుతున్నదల్లా చటుక్కున ఆగింది.

"పూర్తా? ఎవడే రాసింది ఆ కోత? ఒక అద్దం పలక మిగిలిపోయింది."

"నీకెలా తెలుసు?"

"నేను గీకితే నాకు తెలీకపోతే నీకు తెలుస్తుందా?"

ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఉంటూ ఒక్కసారీ చెప్పలేదేమంటే, "అడిగావా?" అంది.

మర్నాడు కప్పు అద్దాలు మారుస్తున్న మేస్త్రిని పట్టుకున్నాను. ఆయన తల గోక్కుని, "ఉందండీ, ఏడో కమాను దగ్గర. మసేమో అనుకున్నా. రేపెలాగూ దింపేస్తాం," అన్నాడు.

ఆ మర్నాడు, శుక్రవారం మధ్యాహ్నం, చిన్నమ్మమ్మని తీసుకెళ్ళాను. హాలంతా పరంజా కర్రలు. పైనుంచి పాలలో నీళ్ళు కలిపినట్టున్న వెలుతురు దిగి వస్తోంది. దూరంగా ఒక రైలు, నిద్రలో నడుస్తున్నట్టు, చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. జనం దిగి ఆ వెలుతురులో ఈదుకుంటూ పోతున్నట్టున్నారు. చిన్నమ్మమ్మ బెంచీ మీద కూర్చుని, తల వెనక్కి వాల్చి, పైకి చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది.

"అప్పుడు నాకు పంతొమ్మిది. నా పక్కన పని చేసేదాన్ని పిచ్చుక అనేవాళ్ళం. ఇంతే ఉండేది, నోరు మూతపడేది కాదు. మొగుడు యుద్ధానికి పోయి మూడేళ్ళు, ఉత్తరం ముక్క లేదు. ఒక్కో పలక గీకడం, ఆ సందులోంచి వెలుగు కత్తిలా కిందికి దిగడం, పిచ్చుక వంగి, రైలు దిగేవాళ్ళలో మొగుణ్ణి వెతుక్కోడం. రోజూ అంతే. చూసి చూసి దాని కళ్ళు కాయలు కాచాయి."

"అయితే ఆయన రాలేదన్నమాట. అందుకే ఆ పలక అలా వదిలేశారు."

"నీ మొహం! ఎందుకు రాలేదూ? వచ్చాడు!"

చిన్నమ్మమ్మ పకపకా నవ్వింది. "ఆఖరి రోజు. ఆఖరి వరసలో దాని వాటా ఒక్క పలక మిగిలింది. గీకుడు రేకు ఎత్తిందో లేదో కింద రైలు ఆగింది. పైనుంచి ఏం కనిపిస్తుంది, అన్నీ నడినెత్తులే కదా! నడక చూసి పట్టేసింది. కెవ్వున అరిచింది. మా పైప్రాణాలు పైనే పోయాయి, పడిపోయిందేమోనని. చూస్తే అది నిచ్చెన మీద సగం దూరంలో ఉంది! కిందికి పోయి వాడి చొక్కా పట్టుకుంది. అంతే, ఇద్దరూ ఆ గేట్లోంచి బయటికి నడిచారు. వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు. మళ్ళీ కనపడలేదు."

"మరి మిగిలినవాళ్ళు ఆ పలక గీకెయ్యొచ్చుగా?"

"నేను ఎక్కాను, మర్నాడు. నాకోసం రావడానికి ఎవరూ లేరు అప్పటికి. కుళ్ళుకున్నాను కూడా, అబద్ధమెందుకు. రేకు అద్దానికి ఆనించాను. చెయ్యి రాలేదు. అది దానిది కదా అనిపించింది. దిగి వచ్చేశాను. అప్పటి మా మేస్త్రి చూసీ చూడనట్టు పూర్తయిందని రాసుకున్నాడు."

ఈలోగా అద్దాల మేస్త్రి ఆ పలకని గోనెపట్టాలో చుట్టి దింపించాడు. బెంచీ మీద మెల్లగా పెట్టి, "బామ్మగారూ, ఏం చెయ్యమంటారు?" అని అడిగాడు.

చిన్నమ్మమ్మ చెయ్యి చాచింది. ఆయన తన గీకుడు రేకు ఇచ్చాడు. రెండు గీతలకే పాత లెక్క గుర్తొచ్చినట్టు చెయ్యి కుదురుకుంది. నలుపు పెచ్చులు పెచ్చులుగా ఆమె ఒళ్ళో రాలింది. గంట పట్టింది. మేమెవ్వరం సాయం వస్తామనలేదు.

ఆ రంగు కింద అద్దం ఊటనీళ్ళలా ఉంది. మిగతా పలకలన్నీ ఇన్నేళ్ళ ఇంజన్ల పొగకి మసకబారి పోయాయి. ఇదొక్కటి పొగ మొహం ఎరగదు. "దీన్ని మార్చక్కర్లేదండీ," అని మేస్త్రి దాన్ని తిరిగి పైకి పంపాడు. చూస్తుండగానే ఆరో ప్లాట్‌ఫారం మీద కొత్తగా ఒక తెల్లటి చదరం పడింది. ఎవరో పెద్దమనిషి పెట్టెతో దాన్ని తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

పుస్తకంలో ఆ అధ్యాయం మళ్ళీ రాశాను. "పని పూర్తి" అన్న చోట, ఒక పలక పూర్తి కాలేదనీ, ఎందుకు కాలేదో కూడా రాశాను. మా ఆఫీసరు కళ్ళజోడు సర్దుకుని, "దీనికి ఆధారం?" అన్నాడు. "మా చిన్నమ్మమ్మ," అన్నాను. రెండు రోజులు నానబెట్టి, కొట్టెయ్యకుండా సంతకం పెట్టాడు.

ఆ శుక్రవారం మాత్రం మేమిద్దరం సాయంత్రం లోకల్ ఎక్కాం. బండి కదలగానే చిన్నమ్మమ్మ నా భుజం మీద వాలి నిద్రపోయింది. గోళ్ళ సందుల్లో ఇంకా నల్లగానే ఉంది. మేం దిగాల్సిన స్టేషన్ వచ్చింది, వెళ్ళిపోయింది. లేపబుద్ధి కాలేదు.