నన్ను పీకింది మావాళ్లే

నేను ఒక గోల్‌పోస్టును. నా మాట కాస్త కరుకుగా ఉంటుంది, ఓర్చుకోండి. ఇనుమును కాబట్టి కాదు, కడుపు మండిపోయి.

విశాఖ తీరాన గవ్వలపేట అని చేపలు పట్టేవాళ్ల పేట ఒకటి. అక్కడి కుర్రాళ్లు ఓడ తుక్కులోంచి మూడు పైపులు ఏరుకొచ్చి, వెల్డింగ్ అప్పన్న చేత నన్ను అతికించారు. అడ్డ పైపు కొంచెం వంకర పోయింది. "గోలు గోలే గదేటి, వంకరైతే ఏటి?" అన్నాడు అప్పన్న. గవ్వలపేట యువజన ఫుట్‌బాల్ క్లబ్బు అలా పుట్టింది.

ఆటలు మొదలయ్యే రోజున నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కాళ్ల దగ్గర కొబ్బరికాయ కొట్టేవారు. కొత్త పడవకు చేసే మర్యాద అది. వాళ్లకు తెలిసిన పెద్ద మర్యాద అదే, దాన్నే నాకూ చేశారు. ఏటేటా పడే ఆ కొబ్బరినీళ్లకు నా కాళ్లు తుప్పు పట్టినా నేనేమీ అనుకోలేదు. గోల్‌కీపరు సూరాడ తాతారావైతే, బంతి నాకు తగిలి వెనక్కి పోయినప్పుడల్లా "బతికించినావే తల్లీ" అని ముద్దుపెట్టుకునేవాడు. ఓడిపోయిన రోజున తిట్లు కూడా నాకే.

వయసు మీద పడ్డాక తాతారావు పేట పిల్లలకు ఆట నేర్పడం మొదలుపెట్టాడు. ఆడపిల్లలు కూడా వచ్చేవారు. ఒకవైపు సముద్రం, ఒకవైపు లారీల రోడ్డు. మధ్యలో ఆ మైదానం తప్ప వాళ్లకు కాలు చాపుకునే చోటే లేదు.

క్లబ్బుకు పాతికేళ్లు నిండాయి. కార్యదర్శి గంగరాజుకు కార్పొరేటరు గారిని పిలిచి సన్మానం చెయ్యాలని బుద్ధి పుట్టింది. వేదిక పెద్దది కావాలట, నేను అడ్డమట! "రెండ్రోజులే, మళ్లీ పాతేద్దాం" అన్నాడు. "పీకొద్దురా, నా మాటినండి" అని తాతారావు బతిమాలాడు. ఎవడు వింటాడు? గడ్డపారలతో పెకలించారు. అవతలి కొసన ఉన్న నా జోడీనీ వదల్లేదు.

పీకి ఏం చేశారో తెలుసా? నన్ను దారి మొదట్లో నిలబెట్టి కార్పొరేటరు గారి ఫ్లెక్సీ కట్టారు. గోల్‌కీపరు నిలబడాల్సిన చోట ఆయన నవ్వుతూ దండం పెడుతున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

సన్మానం అయింది, శాలువాలు అయ్యాయి. నన్ను తిరిగి పాతడానికి మాత్రం ఎవరికీ తీరిక దొరకలేదు. నెల తిరక్కుండా మైదానంలో ఇటుకల లారీ దిగింది. కార్పొరేటరు గారి బావమరిది ఫంక్షన్ హాలు కడతాడట. పేటంతా కార్పొరేషన్ ఆఫీసుకు పరుగెత్తింది. అక్కడి అధికారి తాపీగా, "మావాళ్లు వచ్చి చూశారండీ, ఖాళీ స్థలమే. ఆట మైదానమైతే గోల్‌పోస్టులుండాలి కదా?" అన్నాడట. ఆ మాట పేటవాళ్లు తిరిగొచ్చి నా పక్కనే నిలబడి చెప్పుకున్నారు. చెప్పుకోడానికి నోరెలా వచ్చిందో!

మైదానం మింగినవాడి మీద నాకు కోపం లేదా? ఉంది. వాడి కోసం గడ్డపార పట్టిన చేతుల మీద అంతకు రెట్టింపు ఉంది.

హాలు లేచింది. నా జోడీ తుక్కులోకి పోయింది. నన్ను పార్కింగు దారిలో పాతారు, ఎత్తయిన బళ్లు లోపలికి రాకుండా ఆపుతానని. ఇన్నేళ్లకు నాకు దొరికిన ఉద్యోగం ఇది. పిల్లలు రోడ్డు మీద ఆడుకుంటున్నారు. మొన్న వానాకాలంలో పైడితల్లి అనే పిల్ల కాలు ఆటో కింద పడి విరిగింది. ఆ పిల్ల ఇంకా కుంటుతూనే ఉంది.

నిన్న క్లబ్బు ముప్పయ్యో వార్షికోత్సవం. ఎక్కడనుకున్నారు? ఆ హాల్లోనే! గంగరాజు మైకు పట్టుకుని క్లబ్బు ఘన చరిత్ర గురించి దంచేశాడు. గెలిచిన కప్పులన్నీ ఏకరువు పెట్టాడు. చప్పట్లు పార్కింగు దాకా వినిపించాయి.

ఇంతలో తాతారావు గొంతు లేచింది. "సరిత్ర సాల్లే గానీ గంగరాజూ, రేపు సాయంత్రం ఈ పిల్లల్ని ఎక్కడాడమంతావు? అది సెప్పు!"

మైకు గుయ్‌మంది. గంగరాజు, "ముందు భోజనాలు కానివ్వండి" అన్నాడు.

తాతారావు పిల్లల్ని వెంటబెట్టుకుని రోడ్డు మీదికి నడిచాడు. మిగతావాళ్లు కడుపునిండా తిన్నారు.