దీదీ ఏ నంబరుకి వెళ్ళింది

సోమవారం మధ్యాహ్నం రెండు గంటలకు సాత్విక మైకు ముందు కూర్చుని తన కార్యక్రమం మొదలుపెట్టింది. మొదటి పాట పూర్తి కాకముందే ఫోను మోగింది. అవతలి మగగొంతు నమస్కారమైనా లేకుండా హిందీలో అడిగింది.

"దీదీ ఏదీ?"

"ఏ దీదీ అండీ?"

"ఈ టైముకి రోజూ వచ్చే దీదీ. సరోజ్ దీదీ. నువ్వెవరు?"

సాత్విక తన పేరు చెప్పింది. ఆయన విన్నట్టు లేదు. రేడియో పాడైందేమో అని పక్కనెవరితోనో అంటూ ఫోను పెట్టేశాడు.

నోయిడాలోని ఆ ఆఫీసులో ఒకే కంపెనీకి రెండు ఎఫ్‌ఎం స్టేషన్లున్నాయి. సుర్‌మహల్ పాత హిందీ పాటలది. ఆ ఉదయం దాకా తొంభై తొమ్మిది పాయింట్ మూడులో వచ్చేది. సాత్విక పనిచేసే ఝట్‌పట్ కొత్త పాటలది. రేడియో ముల్లు దాదాపు చివరంచుకు పోయే చోట, నూట ఏడు పాయింట్ ఎనిమిదిలో ఉండేది. మొదటి నంబరు ఢిల్లీ నాలుగు మూలలా ఖంగుమని పలుకుతుంది. రెండో నంబరు ట్రాన్స్‌మిటర్ చిన్నది. యమున దాటి కన్నాట్ ప్లేస్ దాకా బాగానే ఉంటుంది గాని, అక్కణ్ణుంచి పడమరకు పోయేకొద్దీ గరగర మొదలై, ద్వారక చేరేసరికి సగం మాటలు గాలికి పోతాయి. ప్రకటనలిచ్చే వాళ్ళందరికీ కుర్రకారు వినే స్టేషనే కావాలి. అందుకని మంచి నంబరు ఝట్‌పట్‌కి ఇచ్చి, సుర్‌మహల్‌ని చివరంచుకు నెట్టారు. ఆ సోమవారం పన్నెండింటికి మార్పు జరిగిపోయింది. స్టూడియో ఫోను నంబరు మాత్రం తొంభై తొమ్మిది పాయింట్ మూడుతోపాటే ఉండిపోయింది.

అంటే సరోజ్ దీదీ కోసం ఫోను చేసిన వాళ్ళందరూ ఇప్పుడు సాత్వికకు తగులుతారు.

దీదీ, అంటే ఆఫీసులో అందరికీ సరోజిని, ఎక్కడికీ పోలేదు. అద్దం గోడకు అవతల, పక్క స్టూడియోలో, అదే రెండు గంటలకు మైకు ముందే ఉంది. కాని ఆ మాట చెప్పడానికి వీల్లేదు. పొద్దున్నే ప్రోగ్రామింగ్ హెడ్ విష్ణు అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. ఆయనది విజయవాడ, ఈ ఆఫీసులో సాత్వికతో తెలుగులో మాట్లాడే ఇద్దరిలో ఒకడు.

"ఈ నెలే సర్వే వాళ్ళు ఇంటింటికీ తిరుగుతున్నారు. జనం చేత డైరీలు రాయిస్తారు, ఏ నంబరు విన్నారో. పాతవాళ్ళు అలవాటు కొద్దీ మన నంబరు దగ్గరే ఉండి, తొంభై తొమ్మిది పాయింట్ మూడు అని రాస్తే చాలు మనకి. సుర్‌మహల్ ఎక్కడికి పోయిందని ఎవరడిగినా వెబ్‌సైట్ చూడమనండి. నంబరు మాత్రం ఎయిర్ మీద పలకొద్దు. నెల తర్వాత మనమే హోర్డింగులు పెట్టి చెబుదాం."

సాత్విక తలూపింది. రెండేళ్ళుగా వినీ వినపడని చివరంచు స్టేషన్లో గొంతు చించుకున్నాక, ఇప్పుడు ఊరంతా వింటుందంటే ఆమెకూ సంతోషంగానే ఉంది. హనుమకొండ నుంచి సివిల్స్ రాద్దామని వచ్చిన పిల్ల ఆమె. ఓల్డ్ రాజిందర్ నగర్లో అద్దెగది, రీడింగ్ రూములో కుర్చీ, మూడుసార్లు పరీక్ష, మూడుసార్లూ ఏమీ లేదు. ఆ తర్వాత ఈ ఉద్యోగం దొరికింది. గది మాత్రం మారలేదు.

మంగళవారం నలభై ఫోన్లు. బుధవారం లెక్కపెట్టడం మానేసింది. కరోల్ బాగ్ నుంచి బట్టలు కుట్టే ఒకాయన, ద్వారకలో ఒక సొసైటీ గేటు దగ్గర కాపలా ఉండే ఆవిడ, సరోజినీ నగర్ మార్కెట్లో బనీన్లు అమ్మే అన్నదమ్ములు. అందరిదీ ఒకటే ప్రశ్న. "వెబ్‌సైట్ చూడండి" అని సాత్విక ఒకటే జవాబు. కుట్టుపనాయన చాలా మర్యాదగా, "బేటీ, అదెక్కడుంటుంది?" అని అడిగాడు. ఆ పూట సాత్విక కుర్చీలో కూర్చోలేకపోయింది. నిలబడే మాట్లాడింది, పాట వస్తున్నంతసేపూ చిన్న గదిలో అటూ ఇటూ తిరిగింది. అద్దం అవతల సరోజిని చెయ్యెత్తి, కూర్చోమన్నట్టు సైగ చేసింది.

గురువారం రెండున్నరకు వచ్చిన ఫోనులో ఆడగొంతు వచ్చీరాని హిందీలో మొదలుపెట్టింది. రెండో మాటకే సాత్వికకు తెలుగు యాస తెలిసిపోయింది.

"అమ్మా, మీరు తెలుగువాళ్ళా?"

అవతల గొంతు హిందీ వదిలేసింది.

"నువ్వు మన పిల్లవేనేటి? బతికించినావు. నాను తాయారమ్మనమ్మా. మాది టెక్కలి కాడ. ఇక్కడ ద్వారకలో ఓ ఇంట్లో వొంట సేస్తాను. ఈ రేడియోకి ఏటొచ్చిందో తెలీట్లేదు. నాలుగు రోజులై దీదీ రాట్లేదు. ఎవులో పిల్ల వొచ్చి వొకటే గోల సేస్తంది."

ఆ గోల చేస్తున్నది తానేనని సాత్విక చెప్పలేదు. "ఫోన్ల ఇంటర్నెట్టు ఉన్నదా అమ్మా?" అని అడిగింది.

"బొత్తాల ఫోనమ్మా. మా అమ్మగారు ఒకటి నొక్కితే మీకు పోయేటట్టు పెట్టిచ్చినారు. దీదీ ఏ నంబరుకెళ్ళిందో నువ్వు సెప్పినా నాకు సదవడం రాదు. ఎంత తిప్పాలో సెప్పమ్మా, తిప్పుకుంతాను."

పాట ఇంకా రెండు నిమిషాలుంది. ఫోను ఎయిర్ మీద లేదు, శ్రోతలకు వినపడదు. సాత్విక తలుపు వైపు ఒకసారి చూసింది.

"కుడి దిక్కు తిప్పుకుంట పో అమ్మా. ముల్లు ఆగిపోయేదాకా పో. అక్కణ్ణుంచి జరంత ఎనక్కి రా."

"ఉండు, ప్లాస్టరు పీకాల. పిల్లలు కదిపేస్తన్నారని అంటించీసినాను."

ఫోనులో చప్పుళ్ళు వినిపించాయి. ఒక వార్త ముక్క, ఒక డోలు, ఏదో ఇంగ్లీషు పాట, తర్వాత ఉత్త హోరు. ఆ హోరు అడుగున ఎక్కడో సరోజిని గొంతు. అద్దం అవతల అప్పుడే ఆమె పెదవులు కదులుతున్నాయి.

"ఆవిడేనమ్మా" అంది తాయారమ్మ. "గొంతు ఆవిడిదే. మాటే తెలీట్లేదు."

"కిటికీ దగ్గరకు జరిపి చూడమ్మా."

జరిపిన చప్పుడు. హోరు కొంచెం తగ్గి, మళ్ళీ పెరిగింది. సాత్విక ముందున్న తెర మీద పాట ఇంకా పదకొండు సెకన్లని చూపిస్తోంది. "మళ్ళ మాట్లాడత" అని పెట్టేసి, మైకు తెరిచి, గొంతులో లేని హుషారు తెచ్చుకుంది. రెండో వాక్యంలో తన స్టేషను పేరే తప్పు పలికింది.

ఐదింటికి కార్యక్రమాలయ్యాక సరోజిని ఆఫీసు కింద టీ బండి దగ్గర కనిపించింది. యాభై ఆరేళ్ళావిడ. సొంత ఊరు తెనాలి వైపని చెబుతుందే గాని పుట్టి పెరిగిందంతా ఢిల్లీలోనే. తండ్రి కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తాగా ఉండి సరోజినీ నగర్ క్వార్టర్లో కాపురం చేసినప్పుడు పుట్టిందని ఆ పేరు పెట్టారట.

"నా ఫోన్లన్నీ నీకొస్తున్నాయటగా బేటా" అంది.

"వస్తున్నయి మేడమ్. మీరు లేరన్నట్టు మాట్లాడుడు నాతోని అయితలేదు. అద్దం అవతల మీరు కనవడుతనే ఉంటరు."

సరోజిని టీ ఊదుకుంటూ తాగింది. "నేను ఏడుస్తున్నాననుకుంటున్నారు మీరంతా. లిఫ్టులో ఎవరు కనపడినా మొహం దించుకుంటారు. సచ్ చెప్పనా, నాకు అలసటొచ్చేసింది. ఇరవై రెండేళ్ళు, అవే నాలుగైదొందల పాటలు. రెండు కొట్టగానే నవ్వాలి. నాన్న పోయిన వారానికి కూడా వచ్చి నవ్వాను. ఇప్పుడీ కొత్త నంబరు మా ఇంట్లోనే వినపడదు, తెలుసా. మాదీ ద్వారకే. నెలాఖరుకి మానేస్తున్నా. విష్ణుకి చెప్పేశాను, నువ్వెవరికీ చెప్పకు."

నాలుగు రోజులుగా ఎవరి కోసం తాను కుతకుతలాడుతోందో ఆ మనిషి తాపీగా బిస్కట్టు ముంచుకుంటోంది.

"మరి వాళ్ళకు ఏం చెప్పమంటరు?"

"నన్నడగకు. చెప్తే చెప్పు, లేకపోతే లేదు. కానీ దీదీ కోసం చేశానని మాత్రం అనకు. ఏం చేసినా నీ కోసం చెయ్యి, ఠీక్ హై?"

సాత్విక మెట్రో ఎక్కి, చెవుల్లో ఇయర్‌ఫోను పెట్టుకుని, ఫోనులో నూట ఏడు పాయింట్ ఎనిమిది పట్టుకుంది. రాజేంద్ర ప్లేస్‌లో దిగాల్సింది దిగలేదు. రాజౌరీ గార్డెన్ దాటాక పాటలోంచి తబలా పోయింది. ఉత్తమ్ నగర్ వచ్చేసరికి పాడేది ఆడో మగో కూడా తెలియలేదు. ద్వారకలో దిగి, ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. ఒక స్తంభం దగ్గర నిలబడితే ఒక ముక్క వినిపిస్తోంది, అడుగు జరిగితే పోతోంది. ఇన్ని వేల ఇళ్ళలో ఎంతమంది ఇలా రేడియో చేత్తో పట్టుకుని గది గదికీ తిరుగుతున్నారో అనుకుంది. తిరుగు రైల్లో ఖాళీ సీటున్నా కూర్చోలేదు.

గదిలో ప్రణతి పుస్తకాల మధ్య ఉంది. ఇద్దరూ ఒకే కోచింగులో చేరిన వాళ్ళు. ప్రణతి ఇంకా చదువుతోంది. సాత్విక చెప్పిందంతా విని, "ఉద్యోగం పోతే?" అంది.

"పోతే పోతదేమో."

"పోతే మళ్ళీ పరీక్ష రాస్తావా?"

"రాయను" అంది సాత్విక. ఆ మాట అంత తొందరగా నోటికి వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది.

శుక్రవారం రెండుంబావుకు ఆమె మైకు తెరిచి, ట్రాఫిక్ సంగతి చెప్పి, అదే గొంతుతో హిందీలో అంది: "సరోజ్ దీదీ కోసం ఫోను చేస్తున్న వాళ్ళకు ఒక మాట. దీదీ ఇప్పుడు నూట ఏడు పాయింట్ ఎనిమిదిలో ఉన్నారు. నంబరు చూడలేని వాళ్ళు కుడివైపు చివరిదాకా తిప్పి, కొంచెం వెనక్కి రండి. పడమర వైపు ఉన్నవాళ్ళకు సరిగా రాదు. కిటికీ దగ్గర పెట్టుకుని చూడండి. మీరు అడిగినప్పుడే చెప్పనందుకు క్షమించండి." తర్వాత పాట వేసింది. బుధవారం తర్వాత మొదటిసారి కుర్చీలో కూర్చుంది.

మూడింటికల్లా విష్ణు తలుపు తీసి నిలబడ్డాడు. అరవలేదు. కార్యక్రమం అయ్యేదాకా ఆగి, తన గదికి పిలిచాడు.

"నేనేం చెప్పాను, నువ్వేం చేశావు?"

"చెప్పిన సర్. అడిగినోళ్ళకు తెల్వదని చెప్పుడు నాతోని కాలేదు."

"అబద్ధం చెప్పమనలేదుగా నేను. నెల రోజులు ఊరుకోమన్నాను." ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "పైవాళ్ళు తీసెయ్యమన్నారు నిన్ను. నేనే ఆపాను. ఎందుకాపానో నాకే తెలీదు. ఈ ఝట్‌పట్‌లో మాత్రం ఇక కుదరదు. సరోజిని గారు వెళ్ళిపోతున్నారు. ఒకటో తారీఖు నుంచి ఆవిడ టైములో నువ్వు కూర్చో."

"నాకు ఆ పాటలు తెల్వయి సర్. నాకంత ఇష్టం కూడ లేవు."

"తెలుసు" అన్నాడు విష్ణు. "హోలీ దాకానే. తర్వాత సుర్‌మహల్‌ని భక్తి పాటల స్టేషన్ చేస్తున్నారు. అప్పుడు నీ సంగతేంటో నన్నడగొద్దు."

ఒప్పుకోవాలో మానేయాలో సాత్వికకు వారం రోజులు తేలలేదు. రాజీనామా ఉత్తరం రెండుసార్లు రాసి చెరిపేసింది. అమ్మ ఫోను చేస్తే పని బాగుందని చెప్పింది. సరోజిని చివరి రోజు పూలూ కేకూ వద్దని చెప్పి, ఐదు కాగానే లేచి ఇంటికి వెళ్ళిపోయింది. వెళ్తూ సాత్విక కుర్చీ దగ్గర ఆగి, "తెలిసినట్టు నటించకు, వాళ్ళు పట్టేస్తారు" అంది. అంతే.

ఒకటో తారీఖున సాత్విక అద్దానికి ఇవతలి వైపు నుంచి అవతలి వైపుకు మారింది. మైకు తెరిచి ఉన్నదున్నట్టు చెప్పింది: దీదీ మానేశారు, నా పేరు సాత్విక, ఈ పాటల్లో సగం నేనూ మీతోపాటు మొదటిసారి వినబోతున్నాను. పాట వేసి ఫోను వైపు చూస్తూ కూర్చుంది. ఈ స్టూడియో ఫోను నంబరు కొత్తది; ఎవరి దగ్గరా లేదు. పావుగంటకోసారి ఆమే ఒక్కొక్క అంకె విడివిడిగా చదివింది. మూడు దాటింది. లేచి నిలబడింది, కూర్చుంది, మళ్ళీ లేచింది.

మూడూ ఇరవైకి మోగింది.

"మేడమ్, ఒకటే గరగర" అన్నాడు అవతల ఒకాయన. వెనక హారన్ల మోత.

"ఎక్కడున్నారు మీరు?"

"ధౌలా కువా. ఫ్లైఓవర్ కింద. ట్యాక్సీ."

"ఫ్లైఓవర్ కింద నుంచి బయటికి రాగలరా?"

"చూస్తా." ఫోను పెట్టేయలేదు. ఇంజను చప్పుడు పెరిగింది, ఎవరో తిట్టారు, ఈయనా తిరిగి తిట్టాడు. సాత్విక పాట శబ్దం తగ్గించి, చెవి ఫోనుకు అదిమి పెట్టుకుంది. కాసేపటికి అవతల, కారులోంచి, తాను వేసిన పాటే పలచగా వినిపించింది.

"వస్తోంది" అన్నాడాయన. "ఇక్కడ బాగానే వస్తోంది. కానీ ఇక్కడ ఆగనివ్వరు, పోలీసు చూస్తున్నాడు."

"ఎటు పోతున్నారు?"

"ఎయిర్‌పోర్టుకి."

"అటు పోతే పాట పోతుంది."

"తెలుసులే. ఈ ఒక్క చరణం అయ్యేదాకా వింటా" అని ఆయన బండి మెల్లగా పోనిచ్చాడు. సాత్విక నిలబడే ఉండి, హోరు పెరిగేదాకా వింది. తర్వాత మైకు తెరిచింది.