చుక్కలు చదివే యంత్రం

నేను ఒక స్కానర్‌ను. ఆ మాట అనగానే మీకు జిరాక్స్ షాపు గుర్తొచ్చిందని నాకు తెలుసు. అందరికీ అదే గుర్తొస్తుంది. అనంతపురం దగ్గరి వ్యవసాయ పరిశోధనశాలలో నన్ను దించిన వారంలోనే పక్క విభాగం ఉద్యోగి ఒకాయన రేషన్ కార్డు పట్టుకొచ్చి రెండు కాపీలు తీసిమ్మన్నాడు. అప్పుడు మొదలైన విసుగు నాకు ఇప్పటికీ తగ్గలేదు.

నేను చదివేది కాగితాలు కాదు, జన్యువుల పని. వేలెడంత గాజు పలక మీద కంటికి ఆననంత చిన్న చుక్కలు వేలకు వేలు అద్ది ఉంటాయి. ఒక్కో చుక్కలో ఒక్కో జన్యువు ముక్క. మొక్కలో అన్ని జన్యువులూ ఎప్పుడూ పనిచేయవు. మీ ఆఫీసుల్లోలాగే కొన్ని పనిలో ఉంటాయి, కొన్ని కునుకు తీస్తుంటాయి. పనిలో ఉన్న జన్యువు తన పేరిట చీటీలు పంపుతూ ఉంటుంది. నీళ్ళు లేక వాడిన మొక్క నుంచి తీసిన చీటీలకు పచ్చరంగు, నీళ్ళు తాగిన మొక్క చీటీలకు ఎర్రరంగు పట్టించి పలక మీద పోస్తారు. ఏ చీటీ అయినా వెళ్ళి తన జన్యువు చుక్కకే అతుక్కుంటుంది. నేను లేజరు వేసి ఏ చుక్క ఎంత వెలిగిందో కొలుస్తాను. పచ్చగా వెలిగితే కరువులో ఆ జన్యువు ఒళ్ళు వంచి పనిచేస్తున్నట్టు. రెండు రంగులూ సమానమైతే పసుపు, అంటే కరువుతో దానికి నిమిత్తం లేదన్నమాట. ఇంతే సంగతి. దీన్ని అర్థం చేసుకోవడానికి మనుషులకు ఐదేళ్ళ చదువు కావాలట.

పరదేశంలో, ఈగ వాలని గదిలో, ముక్కుకు గుడ్డ కట్టుకున్నవాళ్ళు నన్ను తయారు చేశారు. హైదరాబాదులో ఒక సంస్థ నన్ను కొని ఆరేళ్ళు అపురూపంగా చూసుకుంది. కొత్త యంత్రం రాగానే పాత బీరువాలతో కలిపి లారీ ఎక్కించింది. మీ ప్రేమ సంగతి నాకు అక్కడే తెలిసొచ్చింది.

ఇక్కడ నా మీద పనిచేసేది గంగరత్న. కదిరి వైపు పిల్ల, వేరుశనగ మీద డాక్టరేట్ చేస్తోంది. వాన మొహం చాటేసినా చావకుండా నిలబడే ఒక నాటురకం ఉందట. దాన్ని నిలబెడుతున్న జన్యువు ఏదో పట్టుకోవాలని నాలుగేళ్ళుగా పట్టువిడవకుండా తిరుగుతోంది. ఆమెకు దారి చూపే ఆచార్యులు దక్షిణామూర్తి గారు డిసెంబరులో పదవీ విరమణ చేస్తారు. ఈలోగా జన్యువు దొరక్కపోతే గంగరత్న చదువుకు దిక్కు లేదు, ఆయన ఉద్యోగానికి గుర్తు లేదు. మిగిలినవి మూడే పలకలు.

అంతలో ఆయుధపూజ వచ్చింది. నాకు దేవుడి మీద ఫిర్యాదు ఏమీ లేదు. బంతిపూల దండ వేశారు, వేయించుకున్నాను. కొబ్బరికాయ పక్కగదిలో కొట్టారు, సంతోషం. కానీ బొట్టుకు ఒక చోటుండాలి కదా! నాకు నుదురు లేకపోయేసరికి గంగరత్న వెతికి వెతికి పలక లోపలికి వెళ్ళే తలుపు పైఅంచున ఇంత కుంకుమ అద్దింది.

పండగ మర్నాడే మొదటి పలక లోపలికి వచ్చింది. తలుపు కదిలింది, చిటికెడులో వందో వంతు కుంకుమ పలక మీద రాలింది. అది రంగు కలిపిన బజారు కుంకుమ. మీ కంటికి ఎరుపే కానీ, నా లేజరు పడితే భగ్గున వెలిగి పచ్చరంగు లెక్కలో చేరుతుంది. ప్రతి జన్యువుకూ పక్కపక్కనే రెండేసి చుక్కలుంటాయి, ఒకటి తప్పినా రెండోది నిజం చెబుతుందని. ఆ రవ్వ సరిగ్గా ఒక జన్యువు రెండు చుక్కలనూ కప్పేసింది.

నేను బొమ్మ ఇచ్చాను, అంకెలూ ఇచ్చాను. ఆ బొమ్మలో మిగతా చుక్కలన్నీ గుండ్రంగా ఉన్నాయి, ఇదొక్కటీ చిందిన మరకలా ఉంది. బొమ్మ చూడండి తల్లీ, బొమ్మ చూడండి అని నేను లోలోపల మొత్తుకుంటూనే ఉన్నాను. ఎవరు వింటారు? కంప్యూటరులో అంకెల పట్టిక తెరిచారు. ఆ జన్యువు ఎదురుగా నలభై రెట్లు అని ఉంది. దక్షిణామూర్తి గారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు, విభాగమంతా మైసూరుపాకు పంచారు, తన వీడ్కోలు సభలో ఈ జన్యువు గురించే మాట్లాడతానన్నారు. మిగిలిన పలకల మీద మళ్ళీ చేసి చూడాలన్న నియమం ఆయనే నేర్పారు, ఆయనే తర్వాత చూద్దాం లెమ్మన్నారు. గంగరత్న ఇంటికి ఫోను చేసి నవ్వుతూ ఏడ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

నెల తర్వాత ఆ జన్యువు బొమ్మను పెద్దదిగా అచ్చు వేయించాలని గంగరత్న దాన్ని తెర నిండా సాగదీసింది. చేయి ఆగిపోయింది. గుండ్రటి చుక్కల మధ్య ఆ మరక ఇప్పుడు కనబడింది. తర్వాత చీకటి పెట్టెలోంచి పలక తీసి, రబ్బరు బుడ్డితో గాలి ఊది, మళ్ళీ నాలో పెట్టింది. నలభై రెట్లు వెలిగిన చోట ఇప్పుడు మామూలు పసుపు. మూడు వరుసల కింద ఇంకో జన్యువు పచ్చగా వెలుగుతోంది. జన్యువులు చోట్లు మారవు, దుమ్మే మారుతుంది. ఆమె నా తలుపు అంచును వేలితో తుడిచి, ఆ వేలిని ఉత్త గాజు పలక మీద రాసి లోపలికి తోసింది. తెరంతా పచ్చబడింది.

ఇది తెలిసింది ఆమెకూ నాకూ మాత్రమే. నాకు నోరు లేదు. ఆమె నోరు మూసుకుంటే డిగ్రీ వస్తుంది, గురువుగారికి సభ దక్కుతుంది. చాలామంది అలా మూసుకోగా చూసినవాణ్ణే కాబట్టి నాకు భయం వేసింది. ఆమె నా ముందు స్టూలు మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కొని ఆయన్ను పిలుచుకొచ్చింది.

"అది జన్యువు కాదు సార్, కుంకుమ. నేనే పెట్టినా."

దక్షిణామూర్తి గారు వంగి తెర మీది మరకను చూశారు. మిగిలిన రెండు పలకలూ తీయమన్నారు. నా తలుపును స్పిరిటుతో తనే తుడిచారు. రెండింటిలోనూ ఆ జన్యువు పసుపే. చెప్పుకోదగ్గంత పచ్చగా వెలిగిన జన్యువు ఇంకేదీ లేదు.

"ఇప్పుడు నువ్వు రాసేదానికి ఏముందమ్మా?" అని అడిగారు.

"ఈ జన్యువుల్లో యాదీ కాదని ఉంది సార్. ఇంకొకరు మళ్ళీ ఇక్కడే వెతుక్కోకుండా."

ఆయన జేబులోంచి పెన్ను తీశారు. "రిజిస్టర్లో ఎక్కించు. మొదటి సంతకం నాది."

ఆ ఏడు ఆయన వీడ్కోలు సభలో మైకు ముందు అందరికీ నమస్కారం చెప్పి కూర్చున్నారట. గంగరత్నకు డిగ్రీ రెండేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

తర్వాత జన్యువుల చీటీలను అక్షరం అక్షరం చదివే యంత్రాలు వచ్చాయి, నేను స్టోరు గదిలో చేరాను. మొన్న నన్ను తుక్కులో వేయడానికి గుమాస్తా షేక్షావలి ఫారం పట్టుకొచ్చాడు. "ఈ యంత్రం వల్ల తేలిన ముఖ్య విషయం" అని అందులో ఒక గడి ఉంది. అతను నా పాత రిజిస్టరు తిరగేసి, గంగరత్న రాసిన చివరి వరుస దగ్గర ఆగాడు. "ఏమీ లేదు" అని ఉంది, కింద రెండు సంతకాలు. ఆ మాటే గడిలో దించుకుని, దండగ మిషను అని గొణుక్కుంటూ పెన్నుకు మూత పెట్టాడు.

దండగట! ఆ రెండు మాటలు రాయడానికి ఆ పిల్ల నా ముందు ఎంతసేపు ఏడ్చిందో రాసుకోవడానికి వాళ్ళ ఫారంలో గడి లేదు.