కట్ చెప్పేదాకా

ఆ రోజు పొద్దుటి నుంచీ నాకు కాలు నిలవలేదు. ఫిల్మ్‌నగర్‌లో పాట షూటింగు అయిపోయింది, సెట్టు విప్పేశారు. అందులోని నంది బొమ్మలను రహమత్ నగర్ గోదాముకు చేర్చే పని నాదీ, మా ఆయన లక్ష్మయ్యదీ. పాత కారూ, దాని వెనక తగిలించే ట్రాలీ, ఇవే మా బతుకుదెరువు. అంతకుముందు ఆయన షూటింగుల్లో కార్లు తోలేవాడు.

మేం వెళ్లేసరికే సెట్టువాళ్లు క్రేనుతో లోడు ఎత్తి, పరదా కట్టేశారు. ట్రాలీ ముక్కు లేపి కారు కొక్కేనికి తగిలించాలంటే ఎప్పుడూ ఇద్దరం పట్టాల్సిందే. ఆ రోజు లక్ష్మయ్య ఒంటిచేత్తో లేపాడు.

"చూసినవా బాలమణీ, ఎంత అల్కగున్నదో! అంతా థర్మాకోలే" అని మురిసిపోయాడు.

"జర పరదా విప్పి చూడరాదయ్యా."

"సినిమా నందికి బరువేందే? గాలొస్తే ఎగిరిపోతది."

నాకు ఒళ్లు మండింది. కారు వెనక భాగం ఎందుకో పైకి లేచినట్టుంది. ఆ మాటా అన్నాను. వింటే కదా, మొండిఘటం!

జూబ్లీహిల్స్ దిగుడులో ట్రాలీ ఊగడం మొదలైంది. ముందు కొంచెం, తర్వాత ఎడాపెడా, కుక్కతోకలా. దాంతోపాటు కారూ అటూ ఇటూ జరిగిపోతోంది. ట్రాలీ ఊగితే బ్రేకు కొట్టొద్దని, స్టీరింగు తిప్పొద్దని, ఆక్సిలరేటర్ వదిలేయాలని అమ్మినవాడు మరీ మరీ చెప్పాడు. అయినా లక్ష్మయ్య కాలు బ్రేకు మీదే పడింది. ఊపు రెట్టింపైంది.

"బ్రేకు వద్దయ్యో!" అని మొత్తుకున్నాను. ఆయనకు చెవులు పనిచేయడం లేదు. అయిపోయాం అనుకున్నాను. నా సంగతి సరే, ఈ పిచ్చిమనిషికేమైనా అయితే ఎట్లా?

అప్పుడు గుర్తొచ్చింది. షూటింగులో బానెట్ మీద కెమెరా బిగిస్తే ఆయన తోలే తీరే వేరు. కుదుపు ఉండదు, స్టీరింగు వణకదు, కట్ అనేదాకా బ్రేకు ముట్టడు.

"బానెట్ మీద కెమెరా ఉన్నది! యాక్షన్!" అని గొంతు చించుకుని అరిచాను.

ఆయన కాలు బ్రేకు మీంచి లేచింది. చేతులు నిలిచాయి. ట్రాలీ ఇంకో రెండుసార్లు కొట్టుకుని మెల్లగా దారికొచ్చింది. దిగుడు అయిపోయి ఎత్తు వచ్చింది. కారు నడక వేగానికి పడిపోయినా ఆయన ఆపడు, వెనక ఆటోలు ఒకటే హారన్లు.

"జర కట్ చెప్పవే" అన్నాడు, చెమటలు కక్కుతూ.

"కట్" అన్నాను. నాకు ఏడుపు ఆగలేదు.

దిగి పరదా విప్పాను. ముందు మూడు థర్మాకోల్ నందులు. ట్రాలీ చివర, హీరోయిన్ ఎక్కి ఆడటానికి సిమెంటుతో పోసింది ఒకటి. నాలుగింటికీ ఒకటే రంగు.

"బరువంతా ఎనకకు పడి ముక్కు లేచింది. నేనేమో అల్కగున్నదనుకున్న" అన్నాడు తలవంచుకుని. కాసేపటికి వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు. "ఇగ నువ్వు చెప్తేనే కదుల్త. యాక్షన్ చెప్పు."

నేను రోడ్డు మీదే చతికిలబడ్డాను.

"నలుగురిని పిలువు. సిమెంటు నంది ముందుకు జరిగినంక చెప్త."